అంబిక హెల్మెట్టు

ప్రతి శుక్రవారం ఆ ఫోటో అద్దం తుడవడం నా పని. నేను ఈ ఇంటికి వచ్చిన మొదటి వారమే మా అత్త మునివెంకటమ్మ దాన్ని నాకు అప్పగించింది. "నువ్వే తుడవల్ల నేత్రా. ఇంకెవురు తాకినా ఆయమ్మకు సరిపోదు" అంది. ఫోటోలో ఉన్నది అంబిక, నా భర్త రవీంద్ర మొదటి భార్య. ఎవరి పెళ్ళిలోనో తీసిన ఫోటోను పెద్దది చేయించి దండ వేశారు. వెడల్పాటి నుదురు, గట్టిగా మూసుకున్న పెదవులు. బొట్టుకు పైన, నుదుటికి అడ్డంగా ఒక సన్నటి గీత. మొదట్లో అది అద్దం మీది మరక అనుకున్నాను. విభూతి వేసి తుడిచాను, నిమ్మచెక్కతో రుద్దాను. పోలేదు. అద్దం వెనక ఉన్నది అద్దం మీద తుడిస్తే ఎక్కడ పోతుంది?

భార్య పోయినవాడిని చేసుకున్నాను కాబట్టి తాళితో పాటు నా మెడలో ఒక చిన్న బంగారు బిళ్ళ కూడా ఉంటుంది. సవతి బిళ్ళ అంటారు. అంటే అంబిక నా మెడలోనే ఉందన్నమాట. నాకు కొత్త చీర కొంటే ముందు ఫోటో దగ్గర పెట్టాలి, కుంకుమ చల్లి "నువ్వు కట్టుకోమ్మా" అని పిలవాలి, ఒక పూట ఆగాలి, ఆ తర్వాతే నేను కట్టుకోవాలి. పెళ్ళయినప్పటి నుంచి నేను ఎవరో విడిచిన చీరలే కట్టుకుంటున్నాను. ఒళ్ళు మండేది. కానీ ఆమె మీద కాదు. ఆమె నన్ను ఏం అడిగింది పాపం? అడిగేవాళ్ళంతా బతికున్నవాళ్ళే.

వాకిలి పక్కన మేకుకు ఆమె నల్ల హెల్మెట్టు వేలాడుతూ ఉండేది. మా ఊరు పరగోడు. అంబిక బాగేపల్లిలో కుట్టుమిషను అంగడి పెట్టుకుని రోజూ స్కూటీ మీద వెళ్ళి వచ్చేదట. ఒక రోజు పొద్దున హైవే ఎక్కే మలుపులో టెంపో తగిలి పడిపోయింది. తల రాయికి కొట్టుకుంది. హెల్మెట్టు మాత్రం స్కూటీ ముందున్న కొక్కేనికి భద్రంగా తగిలించి ఉంది. దానికి చిన్న దెబ్బ కూడా లేదు. ఊరంతా ఆ హెల్మెట్టును చూసి ముక్కున వేలేసుకుందట. "పొగురు. పెట్టుకోమంటే పెట్టుకునేది కాదు" అంటాడు రవీంద్ర. "మొండిది. చెప్పిన మాట వినింటే ఈ పొద్దు ఉండేది" అంటుంది అత్త. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడు అంటారు. మా ఇంట్లో మాత్రం చచ్చిపోయినామె మొండితనమే చారెడు.

నేను బాగేపల్లిలో ఒక నర్సింగ్ హోములో ల్యాబ్ టెక్నీషియన్ని. పాలు పిండి, రాగిసంగటి కెలికి, అందరికీ డబ్బాలు కట్టి, అప్పుడు ఊళ్ళోవాళ్ళ రక్తం తీయడానికి బయలుదేరతాను. పెళ్ళయ్యాక నేను ఉద్యోగం మానను అన్నప్పుడు రవీంద్ర అంబిక స్కూటీని బాగు చేయించాడు. "బండి ఉండాది, హెల్మెట్టు ఉండాది, ఇంకేం కావల్ల నీకు?" అన్నాడు, రాజ్యం రాసిచ్చినట్టు.

ఆ నల్ల హెల్మెట్టు తలకు దిగేటప్పుడే చెవులు మడతపడ్డాయి. కొత్తలో ఏదైనా బిగుతుగానే ఉంటుంది, చెప్పులూ అంతే, కాపురమూ అంతే అనుకున్నాను. ఊరు దాటేదాకా బాగానే ఉండేది. నీలగిరి తోపు దాటాక నుదుటి మీద బరువు మొదలయ్యేది. అక్కడి నుంచి ఎవరో బొటనవేలితో ఒకే చోట నొక్కుతున్నట్టు, మరీ మరీ నొక్కుతున్నట్టు ఉండేది. హైవే మలుపు దగ్గరికి వచ్చేసరికి కళ్ళ ముందు తెరలు కమ్మేవి. మొదటి రోజు ల్యాబులో చేతులు కడుక్కుంటూ అద్దంలో చూసుకున్నాను. బొట్టుకు పైన, నుదుటికి అడ్డంగా, ఎర్రటి సన్నటి గీత. ఆ గీతను నేను అంతకు ముందే చూశాను, ప్రతి శుక్రవారం చూస్తూనే ఉన్నాను. తడి చేతులు తుడుచుకోవడం మరిచిపోయి అలాగే నిలబడ్డాను.

తర్వాత ఊపిరి వినిపించడం మొదలైంది. హెల్మెట్టులో ఎవరి ఊపిరి వాళ్ళకు పెద్దగా వినబడుతుంది, అది మామూలే. కానీ నాది లోపలికి పోయాక, కొంచెం ఆలస్యంగా, ఇంకొకటి పోయేది. ఒకసారి పరీక్షగా ఊపిరి బిగబట్టాను. ఆ రెండోది ఆగలేదు. పళ్ళు బిగించి నొప్పిని ఓర్చుకునేవాళ్ళ ఊపిరి అది. ల్యాబులో రోజూ వింటాను కదా, నాకు తెలుసు.

ఒక సాయంత్రం నేను గేటు దగ్గర బండి ఆపేసరికి అత్త అరుగు మీద రాగులు చెరుగుతోంది. తలెత్తి చూసింది. చేట జారిపోయింది. "అంబికా, ఈ పొద్దు ఇంత బిరీన వస్తివే?" అంది. మామూలుగా, రోజూ అడిగినట్టే అంది. నేను హెల్మెట్టు తీశాను. ఆమె నా ముఖం వంక చూడకుండా వంగి రాగులు ఎత్తుకోవడం మొదలుపెట్టింది. నేనూ వంగి ఎత్తాను.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ రవీంద్రకు చెప్పాను, ఈ హెల్మెట్టు నాకు పట్టడం లేదు, కొత్తది కొనుక్కుంటానని.

"పట్టకపోవడమేంది? చిక్కబళ్ళాపురం షోరూములో నేనే పెట్టుకోని చూసి తెచ్చినా. నాకు సరిపోయింది, ఆడదాని తలకు సరిపోదా?"

"ఆమెను పిలుచుకోని పోలేదా?"

"ఆయమ్మకు ఆ పొద్దు ఇంట్లో పనుండె. తలకాయలన్నీ ఒకటే కదా, దానికేం ముహూర్తమా?" పెరుగు కలుపుకుంటూ చాలా శాంతంగా అన్నాడు. "నొప్పంటే బండి వదిలెయ్. ఆ ఉద్యోగమూ వదిలెయ్. నిన్ను పొమ్మనింది ఎవురు?"

ఈ ఇంట్లో నొప్పి అన్న మాటకు మందు అదొక్కటే. ఉద్యోగం పోతే నాకు మిగిలేది ఆ ఫోటో, ఆ అద్దం తుడిచే గుడ్డ. నేను నోరు మూసుకున్నాను. మంచం మీద పడుకున్నాక తట్టింది, అంబిక కూడా ఇలాగే ఒకసారి చెప్పి ఉంటుంది, ఇదే జవాబు విని ఉంటుంది, నాలాగే నోరు మూసుకుని ఉంటుంది. భయమేసింది.

మా పుట్టిల్లు చింతామణి. అమ్మకు జ్వరమని వెళ్ళినప్పుడు బస్టాండు దగ్గర హెల్మెట్ల అంగడిలోకి దూరాను. గోడ నిండా హెల్మెట్లు, అన్నీ నా వైపే తిరిగి, ఒక్కదానిలోనూ ముఖం లేదు. వెనక్కి వెళ్ళిపోదామా అనిపించింది. అంగడామె పువ్వులు కట్టుకుంటూ కూర్చుని ఉంది. "లేడీస్‌దా?" అని గులాబీ రంగుది ఒకటి ముందుకు తోసింది. అది తల పైన టోపీలాగా నిలబడింది. ఇంకొకటి పెద్దది, తల తిప్పితే నేను ఒకవైపు, అది ఒకవైపు. ఒకటి నుదుటికి బాగుంది, చెవుల దగ్గర కోసింది. ఆమె విసుక్కుంటుందేమోనని నాకే సిగ్గుగా ఉంది. ఆమె విసుక్కోలేదు. "బుగ్గలు కొంచెం నొక్కితే మంచిదేనమ్మా, నుదురు మాత్రం నొక్కగూడదు. పెట్టుకోని ఊరికే కూచో కొంచేపు. నొప్పి మొదటే రాదు, నిదానంగా వస్తాది" అని పువ్వుల్లో పడిపోయింది.

బూడిద రంగుది ఒకటి పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. పట్టీ బిగించాను. తల ఊపితే నాతోనే ఊగింది. నుదురు చల్లగా ఉంది. చెవులు నా చెవుల్లాగే ఉన్నాయి. కళ్ళు మూసుకుని విన్నాను. ఒకే ఊపిరి. నాదే. లోపల ఎవరూ లేరు. ఎందుకో ఏడుపు వచ్చింది, హెల్మెట్టు ముందరి అద్దం దించుకుని ఏడ్చాను. నన్ను చూడటానికి వాళ్ళు వచ్చినప్పుడు కూడా, ఈ సంబంధం నాకు పడుతుందో లేదో చూసుకోమ్మా అని నన్నెవరూ ఇంతసేపు కూర్చోనివ్వలేదు.

దాన్ని ఇంటికి తెచ్చాను. రవీంద్ర మూతి తిప్పుకున్నాడు. అత్త మాత్రం సంచిలో నుంచి తీసి నేరుగా ఫోటో కింద పెట్టి కుంకుమ బొట్టు పెట్టేసింది. "పెద్దల పండగ దగ్గరికి వచ్చె. ఆ పొద్దు ఆకేసి, అన్నీ ముందర పెట్టి, ఆయమ్మకు ఎడ పెట్టినాంకనే నువ్వు ముట్టవల్ల. చీర మాదిరే ఇదీను."

"అంతవరకు?"

"అంతవరకు పాతది లేదా?"

అలా నా తలకు సరిపోయేది చచ్చిపోయినామె ముందు, ఆమె తలకు సరిపోనిది నా నెత్తిన ఉండిపోయాయి.

పండగకు ముందు రోజు పొద్దున పనికి బయలుదేరాను. పట్టీ బిగించుకున్నది నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే దాని కొనలో జుట్టు చిక్కుకుంది. నీలగిరి తోపు దాటాను. బరువు మొదలైంది. రెండో ఊపిరి వచ్చి చేరింది, ఆ రోజు మరీ దగ్గరగా, మరీ తొందరగా. తర్వాత ఏమైందో చెప్పలేను. ముఖానికి గాలి తగిలింది. ఎంత హాయిగా ఉందో! చెమట పట్టిన నుదుటి మీద చల్లటి గాలి. ఆ హాయిలో కళ్ళు సగం మూతపడ్డాయి. అప్పుడు లారీ హారన్ వినిపించి కళ్ళు తెరిచాను. మలుపులో ఉన్నాను. హెల్మెట్టు నా మోకాళ్ళ ముందు కొక్కేనికి వేలాడుతూ ఊగుతోంది.

ఎప్పుడు తీశానో నాకు తెలియదు. బండి ఎప్పుడు ఆపానో, అసలు ఆపానో లేదో తెలియదు. లారీ నన్ను రాసుకుంటూ వెళ్ళిపోయాక రోడ్డు పక్కన కూలబడ్డాను. నా చేతులను నేనే అనుమానంగా చూసుకున్నాను. చాలాసేపటికి ఒక సంగతి అర్థమైంది. ఆమె ఇంటి నుంచి హెల్మెట్టును కొక్కేనికి తగిలించుకుని బయలుదేరలేదు. పెట్టుకునే బయలుదేరింది.

మర్నాడు పెద్దల పండగ. అంబిక తండ్రి వెంకటప్ప మంచేనహళ్ళి నుంచి సొరకాయల సంచీతో వచ్చాడు. ప్రతి ఏడూ వస్తాడు. రెండో భార్య మొదటిదాని పుట్టింటికి కూతురు కిందే లెక్క కాబట్టి నేను ఆయన్ని అప్పా అనే పిలుస్తాను. ఆకు వేసి, వడలు, పాయసం, కొత్త చీర, నా హెల్మెట్టు, అన్నీ ఫోటో ముందు సర్ది ఎడ పెట్టారు. దండం పెట్టి లేచాక చుట్టాలు రివాజు ప్రకారం నిట్టూర్చారు. "ఏం చేస్తాం, మాట వినే బిడ్డ కాదు" అంది అత్త. "తలకు పెట్టుకోనుంటే బతికుండేది" అన్నాడు రవీంద్ర.

వెంకటప్ప తల వంచుకున్నాడు. "మా బిడ్డదే తప్పు నాయనా. మొండిది. మేమే సరిగ్గా పెంచలే" అన్నాడు. ప్రతి ఏడూ ఈ మాట చెప్పడానికే వస్తాడు ఆయన. చెప్పి, తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. ఆ వెడల్పాటి నుదురు చూశాను. ఫోటోలోని నుదురే.

వాకిలి దగ్గరికి వెళ్ళి మేకు మీది నల్ల హెల్మెట్టు తెచ్చాను.

"అప్పా, ఇది ఒక తూరి పెట్టుకోండప్పా."

"నాకేలమ్మా ఇది?"

"నా మాట కోసరం."

చెప్పిన మాట వినే మనిషి. పెట్టుకున్నాడు. అది చెవుల పైనే ఆగిపోయింది. "అదుముకోండి" అన్నాను. రెండు చేతులతో అదుముకున్నాడు. ముఖం ఎర్రబడింది.

"పండగ పూట ఏం ఆటలు నేత్రా ఇవి?" రవీంద్ర లేచాడు.

"కూర్చోండి. కొంచేపే."

అందరూ ఎందుకో మాట్లాడటం మానేశారు. ఆ నిశ్శబ్దంలో హెల్మెట్టు లోపలి ఊపిరి గది అంతా వినిపించింది. ఒకటి ముసలాయనది. దాని వెనకే, కొంచెం ఆలస్యంగా, ఇంకొకటి. నేను అత్త వైపు చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెకూ వినిపించింది. వెంకటప్ప చేతులు ఆయనకు తెలియకుండానే పైకి లేచి హెల్మెట్టును ఊడబెరికాయి. నుదుటికి అడ్డంగా ఎర్రటి గీత. అత్త ఆ గీతను చూసింది, ఫోటోను చూసింది, మళ్ళీ ఆ గీతను చూసింది.

"నిన్న ఆ మలుపు కాడ నేనూ తీసేస్తిని" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "తీసినట్లు నాకే తెలీలే. ఆమె పెట్టుకోకుండా పోలేదు. ఓర్చుకున్నంత దూరం పెట్టుకునే పోయింది. ఆమె తలకని ఈ ఇంట్లో ఎవురూ హెల్మెట్టు కొనలేదు."

రవీంద్ర నోరు తెరిచాడు. షోరూము గురించి చెప్పబోయాడనుకుంటాను.

ఇంకా ఒక పూట ఆగాలి. నేను ఆగలేదు. ఎవరినీ అడగకుండా ఫోటో ముందు నుంచి నా హెల్మెట్టు తీసుకుని కుంకుమ తుడిచి చంకన పెట్టుకున్నాను. గడప దాటబోతుంటే వెనక నుంచి వెంకటప్ప గొంతు వినిపించింది. హెల్మెట్టును ఒళ్ళో పెట్టుకుని దాని లోపలి మెత్తను వేళ్ళతో తడుముతూ అడిగాడు.

"అయితే నా బిడ్డ మొండిది కాదామ్మా?"