జేబు బొత్తాం

కాజా అంచు చుట్టూ దారం తిప్పి ముడి బిగించబోతుండగా తెల్ల చొక్కా మీద ఎర్ర చుక్క కనిపించింది. బొత్తాల బాబాయి గుడ్డ వదిలి ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే చూసుకున్నాడు. చూపుడువేలి కొసన సూది దిగి ఉంది. దిగిన సంగతి వేలికి తెలియలేదు.

ఆ కుట్టు దుకాణంలో మిషన్ల మీద కుట్టేవాళ్ళు వేరే ఉన్నారు. గుడ్డ కత్తిరించే మాస్టర్ ఉన్నాడు. కాజాలు, బొత్తాలు మాత్రం బాబాయివే. మిషన్ కాజా నాలుగు ఉతుకులకి నోరు తెరుస్తుందనీ, చొక్కా చిరిగినా బాబాయి కాజా చిరగదనీ మాస్టర్ గిరాకీలకి చెప్పేవాడు. బాబాయి విననట్టు తల వంచుకునేవాడు. ఆ పూట కుట్టు ఇంకాస్త సన్నంగా పడేది.

మాస్టర్ చుక్కను చూశాడు.

"ఏం బాబాయ్, నిన్నా అంతే, ఇవాళా అంతే. మనం చొక్కాలు కుడుతున్నామా, రక్తదానం చేస్తున్నామా?"

అందరూ నవ్వారు. బాబాయీ నవ్వాడు. చుక్క మీద ఉమ్మి రాసి రుద్దాడు. ఎవరి రక్తం మరక వాళ్ళ ఉమ్మికే పోతుందని ఆ పనిలో ఉన్నవాళ్ళు చెప్పుకుంటారు.

నవ్వులు ఆగాక మాస్టర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "కొన్నాళ్ళు ఇస్త్రీ బల్ల దగ్గర ఉండకూడదూ? కాజాలు మిషన్ మీద వేయిద్దాంలే."

"చూద్దాంలే," అన్నాడు బాబాయి. గుచ్చితే తెలియని వేలికి కాలితే మాత్రం తెలుస్తుందా? ఆ మాట పైకి అనలేదు.

భార్య ఇచ్చిన టిఫిన్ డబ్బా మూత తీయకుండా మిషన్ కిందకి నెట్టేశాడు. నిన్న మధ్యాహ్నం నుంచి అతను ఏమీ తినలేదు; రాత్రి దుకాణంలోనే తినేశానని భార్యతో అన్నాడు. ఇన్సులిన్ సూది మాత్రం మానలేదు. రోజూ వేసుకున్నంతే పొద్దున కూడా పొట్టలో వేసుకున్నాడు. ఇవాళ ఆసుపత్రికి వెళ్ళాలి. అంకె బాగా రావాలి.

షుగరు బయటపడిన దగ్గర్నుంచి అతనికి అంకెలతోనే బతుకు. పెద్ద డాక్టరు కాగితం చూసేవాడు, "ఏమయ్యా, బతకాలని లేదా?" అనేవాడు, తరవాతి వాణ్ణి పిలిచేవాడు. ఇంట్లో భార్య ముద్ద ముద్దకీ కాపలా కాసేది. ఆమెది కోపం కాదు, భయం. అది తెలిసీ అతను గోడవైపు తిరిగి తినడం మొదలుపెట్టాడు. "సూదితో బతికేవాడివి, సూదికి భయపడతావా?" అని బావమరిది ఎగతాళి చేశాడు ఒకసారి. సూది గుచ్చుకోవడం అతనికి లెక్కలోది కాదు. రేపు మళ్ళీ, ఎల్లుండి మళ్ళీ, ఎంత చేసినా మళ్ళీ తిట్లే. పొద్దున మెలకువ రాగానే, ఎందుకు వచ్చిందీ మెలకువ అనిపించేది. ఆ సంగతి ఎవరితో అంటాడు?

అనడానికి ఒక చోటు ఉంది. ఆసుపత్రి వరండా చివర ఒక గది. గుండ్రంగా కుర్చీలు, షుగరు మనుషులు, మధ్యలో తెల్ల కోటు లేని ఒకావిడ. అందరూ ఆమెను మాటల మేడమ్ అంటారు. బాబాయి మొదటిసారి రక్తపరీక్ష వరస అనుకుని పొరపాటున వెళ్ళి కూర్చున్నాడు.

"షుగర్ ఎంతని నేనడగను. మీరెలా ఉన్నారు?" అంది ఆమె.

అతను గుమ్మం వైపు చూశాడు. "బస్సుకి టైమైందమ్మా," అని లేచి వచ్చేశాడు. తరవాత మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ అదే మాటతో లేచాడు. ఇప్పుడతను కుర్చీలో కదిలితే చాలు, "బాబాయి బస్సొచ్చింది" అని నవ్వుతారు.

ఇవాళ చెప్పేయాలనుకున్నాడు. కానీ మార్కులు రాని పిల్లాడు ఏ మొహంతో నోరు తెరుస్తాడు? ముందు మంచి అంకె, ఆ తరవాతే మాట. మేడమ్ అంకె అడగదని తెలుసు. అయినా అతని లెక్క అది.

ఆసుపత్రిలో నర్సు వేలు గుచ్చి మిషన్ చూసింది. "అబ్బో! పెద్దాయనా, ఈసారి ఫస్టు క్లాసు! తినే వచ్చారుగా?"

"తిన్నానమ్మా."

"ఇలాగే ఉండాలి మరి!" అంది. అతన్ని ఆ భవనంలో ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు.

గదిలోకి వెళుతుంటే చేతులు వణికాయి. మాట్లాడబోతున్నందుకు బెదురనుకున్నాడు. ఫ్యాను తిరగడం లేదు. అందరూ చెమటలు తుడుచుకుంటున్నారు.

తన వంతు వచ్చింది.

"నాకు విసుగొచ్చిందమ్మా," అన్నాడు. "మందుల మీద కాదు. నా మీద నాకే. ఇంట్లో నా పళ్ళెం చూస్తారు, ఇక్కడ నా కాగితం చూస్తారు. నా మొహం చూసి ఎన్నాళ్ళయిందో."

ఎవరూ నవ్వలేదు. పక్క కుర్చీలోని లారీ డ్రైవరు తల వంచుకుని, "నాదీ అదే గోల అన్నా," అన్నాడు.

"ఇంకా చెప్పండి," అంది మేడమ్.

చెప్పాలనే ఉంది. మాటలు దారం చిక్కుపడ్డట్టు చిక్కుపడ్డాయి. మేడమ్ మొహం రెండుగా కనిపించింది. అప్పుడర్థమైంది, ఇది బెదురు కాదని. షుగరు పడిపోయి కళ్ళు తిరిగితే వెంటనే నోట్లో వేసుకోమని భార్య రోజూ జేబులో ఒక తీపిబిళ్ళ పెడుతుంది. ఇక్కడ తీస్తే ఎందుకని అడుగుతారు. నిన్నటి నుంచి తినలేదని చెప్పాలి. వచ్చిన ఒక్క మంచి అంకె దొంగదని తేలిపోతుంది.

అతను లేచాడు. "బస్సుకి... టైమైందమ్మా."

ఈసారి కొంచెం నవ్వారు, ప్రేమగానే. "పోనీలెండి, ఇవాళ ఇంత చెప్పారు. వచ్చే వారం మీ కుర్చీ మీకే," అంది మేడమ్.

వరండాలో బల్ల మీద కూలబడి జేబు తడుముకున్నాడు. వంగినప్పుడల్లా బిళ్ళ కింద పడిపోతోందని, జేబుకి మూత కుట్టి, కాజా వేసి బొత్తాం పెట్టింది తనే. ఊడకుండా కాజా బిగువుగా వేశాడు. "జేబా, బ్యాంకు లాకరా అండీ?" అని భార్య నవ్వింది. గోరుతో అంచు లేపి నెడితే తప్ప బొత్తాం రాదు. ఇప్పుడు బొత్తాం ఎక్కడుందో వేళ్ళు చెప్పడం లేదు. రెండు చేతులతో పట్టుకుని లాగాడు. కాజా చిరగలేదు. మళ్ళీ లాగాడు. గుప్పిట్లో చొక్కా అలాగే ఉండగా తల గోడకి ఆనింది.

అటు వెళ్ళినవాళ్ళు పెద్దాయన కునుకు తీస్తున్నాడనుకున్నారు. కూటం ముగిసి బయటికొచ్చిన లారీ డ్రైవరు, "ఏమన్నా, బస్సు పోయిందా?" అంటూ భుజం తట్టాడు. డ్రైవరు కేక వేశాక నర్సులు పరుగెత్తుకొచ్చారు. అప్పటికే ఆలస్యమైంది.

సాయంత్రం ఆసుపత్రి వాళ్ళు చొక్కా మడత పెట్టి భార్య చేతికిచ్చారు. ఆమె దాన్ని ఇంటికి తెచ్చి, అతను రోజూ తగిలించే మేకుకే తగిలించింది. గుప్పిట పట్టిన చోట జేబు నలిగి ఉంది. ఆమె గోరుతో అంచు లేపబోయింది, బొత్తాం కదల్లేదు. లోపల తీపిబిళ్ళ కాగితం చిన్నగా గరగరలాడింది.