ఏనుగు మొహం ఇంజిన్

అప్పలకొండ ముప్పైనాలుగేళ్లు బొగ్గు గూడ్సు బళ్లు నడిపాడు. ఒక్కనాడూ బండి పట్టాలు తప్పలేదు. ఆ సంగతి అడిగినవాళ్లకీ చెప్పేవాడు, అడగనివాళ్లకీ చెప్పేవాడు. రిటైరయ్యాక, కాలనీకి దూరంగా, బోద్రీ ఊరు దాటాక కొత్తగా థీమ్ పార్కు కడుతున్నారని విని వెళ్లి పని అడిగితే ఇచ్చారు. రైల్వే కాలనీలో మాత్రం ఎడ్వైజరు ఉద్యోగమని చాటుకున్నాడు. నిజానికి అతని చేతికిచ్చింది పిల్లల రైలు. ఇంజిన్‌కి నవ్వే ఏనుగు మొహం. హారన్ నొక్కితే ఘీంకారం.

పార్కు తెరిచిన రోజున టోపీ కళ్లమీదికి లాక్కుని కూర్చున్నాడు. తెలిసినవాళ్లు అంతదూరం రారని ధైర్యం. తీరా చూస్తే, మొగుడి హోదా చూపిద్దామని భార్య కనకం కాలనీలో డజనుమందిని వెంటేసుకుని వచ్చింది. అందరికన్నా ముందు సూర్యం. ఒకప్పుడు అతని బండికి గార్డు.

"ఏటి బావా, ఎడ్వైజరునన్నావు! ఏనుగెక్కినావేటి?"

అప్పలకొండకి నేలలోకి దూరిపోవాలనిపించింది. "ట్రయల్ చూస్తన్నానోయ్," అన్నాడు.

"అచ్ఛా! అయితే మేమూ చూస్తాం."

పిల్లల పెట్టెల్లో పెద్దవాళ్లు ఇరుక్కుని కూర్చున్నారు. కనకం మాత్రం మొహం చెల్లక గేటు దగ్గరే నిలబడిపోయింది. తొందరగా ఈ గండం గట్టెక్కాలని అతను వేగం కాస్త పెంచాడు. మొదటి మలుపులోనే ఏనుగు పట్టాలు తప్పి బంతిమొక్కల్లో తలపెట్టింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సూర్యం మాత్రం పాత అలవాటుకొద్దీ కిందికి దూకి, ఎర్ర తువ్వాలు ఊపుకుంటూ వెనక్కి పరుగెత్తాడు. వెనకాల వచ్చే బండి ఏదీ లేదు.

మర్నాడు అప్పలకొండ రాజీనామా కాగితం పట్టుకుని యజమాని శుక్లా ముందు నిలబడ్డాడు. శుక్లా కాగితం చూడనే లేదు. "అంకుల్, గిర్‌నేవాలీ ట్రైన్ కబ్ చలేగీ?" అన్నాడు. పడిపోయే రైలు మళ్లీ ఎప్పుడు నడుస్తుందని పొద్దుటి నుంచీ పిల్లలు గేటు దగ్గర అడుగుతున్నారట.

నాలుగు నెలల్లో పార్కు పెరిగింది. ఈతకొలను తవ్వారు, దాని చుట్టూ పట్టాలు పొడిగించారు. కొలను పక్క మలుపులో రైలు నీళ్లలో పడబోయినట్టు ఒరిగి మళ్లీ నిలబడాలని శుక్లా కోరిక. "నా సర్వీసులో బండి ఒరగలేదు," అని అప్పలకొండ మొదట ససేమిరా అన్నాడు. కానీ ఇంజినీరు ఆ వాలు తప్పుగా కొలుస్తుంటే చూస్తూ ఊరుకోలేక, టేపు లాక్కుని తనే కొలిచిచ్చాడు. సూర్యాన్ని గార్డుగా పెట్టించాడు.

అప్పట్నుంచి రోజుకి ఇరవైసార్లు "పడిపోతన్నాం!" అని అరవడం కూడా అతని డ్యూటీయే అయింది. ముప్పైనాలుగేళ్లు నిలబెట్టుకున్న పరువు గంటకి రెండుసార్లు ఒరుగుతోందని తనలో తనే నవ్వుకునేవాడు.

"నీ అరుపులో భయం లేదు బావా, సేఫ్టీ మీటింగులో మాటాడినట్టున్నాది," అనేవాడు సూర్యం.

కొత్త పట్టాలు తెరిచాక ఒక ఆదివారం కనకం వచ్చింది. గంటుపెట్టుకున్న మొహంతోనే మొదటి పెట్టెలో కూర్చుంది. మలుపులో బండి ఒరగగానే ఆమె పెట్టిన కేకకి కొలనులో ఈదుతున్నవాళ్లు కూడా ఆగి చూశారు. బండి ఆగింది. అందరూ దిగారు, ఆమె దిగలేదు.

"ఏటే, భయమేసిందా?" అన్నాడు అప్పలకొండ కంగారుగా.

కనకం చెదిరిన జుట్టు ముడేసుకుంది. "ఇంకోపాలి తోలు," అంది.