మా ఆయన గీతలో ఖాళీలు

సోమవారం నుంచి మా ఆయన హిడెన్ లైన్‌లో ఉంటున్నారు. గోడ వెనక ఉండి కంటికి ఆనని వస్తువుని మా ఆఫీసు డ్రాయింగుల్లో అలాగే గీస్తాం. చిన్న గీత, ఖాళీ, మళ్లీ చిన్న గీత, ఖాళీ. ఆయన గుమ్మంలో ఉంటారు, హాల్లో ఉండరు, వంటింట్లో ఉంటారు.

"కాస్త ఉప్పు..." అంటారు కంచం ముందు కూర్చుని. నేను డబ్బా అందించేసరికి కుర్చీలో ఎవరూ ఉండరు. తిరిగి కనబడేసరికి మజ్జిగన్నం కలుపుతూ ఉంటారు.

"ఇందాక ఏదో అడిగారు."

"ఎప్పుడు?"

నాకు ఒళ్లు మండుతుంది. మండినా, చూపించడానికి మనిషి ఉండాలి కదా! పెళ్లయిన కొత్తలో ఆయన సైకిలు చప్పుడు సందు మొదట్లోనే తెలిసేది. అక్కణ్ణించి మా గుమ్మం దాకా ఎక్కడా తెగేది కాదు. ఇప్పుడు నాది పెద్ద కోరికేం కాదు. ఒక్క పూట, ఆయన మాట మొదలుపెట్టి ముగించేదాకా నా ఎదురుగా ఉండాలి.

కాకినాడలో గ్యాసు పైపులైన్ల డ్రాయింగులు గీసే ఆఫీసులో నా ఉద్యోగం. కంప్యూటర్లో మా వీధి ప్లాను తెరిచి చూస్తే ఆయన అందులోనే ఉన్నారు, ఏ పైపుకీ సంబంధం లేని ఒక గీత. పక్కన సత్తిరాజు అని ఆయన పేరు కూడా ఉంది. హిడెన్ తీసేసి, తెగని గీతగా మారుస్తాను.

ఆ సాయంత్రం ఆయన తెగకుండా వస్తారు. గుమ్మంలో మొదలై, హాల్లోంచి, వంటింట్లోంచి, పెరటి గోడలోంచి తిన్నగా వెళ్లిపోతారు. మాట కూడా ఆగదు. మధ్యలో నా మాట దూర్చడానికి సందే లేదు. "ఏవండీ! ఏవండీ!" అంటూ కరెంటాఫీసు దాకా వెంటపడతాను.

మర్నాడు మా సీనియర్ గవర్రాజు గారి దగ్గరికి వెళ్తాను.

"మా ఆయనకి సరిపడే గీత కంప్యూటర్లో లేదండి."

"లేకపోతే కొత్తది తయారుచేసుకోవడమే, నూకరత్నం. పెన్ను కాగితం మీద ఉన్నంతసేపూ గీత, దానికి ప్లస్సు. ఎత్తితే ఖాళీ, దానికి మైనస్సు. ఆ కొలతలు రాసేస్తే సరి."

"ఎత్తినంతసేపూ ఆయన ఎక్కడుంటారండి?"

"పెన్ను ఎత్తాక మనకేం తెలుస్తుందమ్మా? అది కాగితం చూసుకునే పని కాదు."

"మరి ఆ ఖాళీని ఏం చెయ్యమంటారు?"

"గ్యాసు లైనుకి ఏం చేస్తున్నాం? ఖాళీలో గ్యాస్ అన్న అక్షరాలు పెడుతున్నాం. నువ్వూ ఏదోటి కూర్చోబెట్టు."

ఆలోచించడానికేముంది, నన్నే కూర్చోబెడతాను. నా జడ, చీర కుచ్చిళ్లు, కళ్లజోడు అన్నీ ఓపిగ్గా గీసి, ఆయన ఖాళీలకి సరిపోయేలా కుదిస్తాను. ఆ గీతకి 'ఇద్దరం' అని పేరు పెట్టి, ఆయనకి తగిలిస్తాను.

నేను గుమ్మంలో లేను. హాల్లో ఉన్నాను. కాలి కింద గచ్చు వెచ్చగా ఉంది, ఆయన ఇప్పుడే పాదం ఎత్తినట్టుంది. వంటింట్లో లేను. పెరట్లో ఉన్నాను, నా చేతిలో ఆయన సగం తిన్న జాంపండు ఉంది. ఆయన ఉన్నచోట నేను లేను. నేను ఉన్నచోట ఆయన పెన్ను ఎత్తి ఉంది. ఇంత చిన్న సంగతి నాకు ముందే ఎందుకు తట్టలేదో!

"ఇప్పుడు మీ ఇంట్లో ఎప్పుడు చూసినా మనిషి అలికిడి ఉంటోందండీ, ఎంత బావుందో," అంటుంది పక్కింటావిడ గోడ మీంచి.

నాకు ఏడుపొస్తుంది. సగం ఏడుపు హాల్లో వస్తుంది. మిగతా సగం ఆయన వంటింట్లో ఉండి వెళ్లాక, పెరట్లో వస్తుంది.

గవర్రాజు గారికి ఫోన్ చేస్తాను. "గీత నిండింది కదమ్మా," అంటారాయన.

"గీత నిండితే నాకేంటండి? నాకు మనిషి కావాలి."

"ఒకే గీతలో ఉన్నవాళ్లు ఎదురుపడరమ్మా. వంచి చూడు."

పెరట్లో నిలబడి, గీత కొస పట్టుకుని, జంతిక చుట్టినట్టు నా చుట్టూ తిప్పడం మొదలుపెడతాను. రెండో చుట్టు మొదటి చుట్టు పక్కకి చేరుతుంది. అందులో ఆయన మెడ కనబడుతుంది. చెవి వెనక వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఎప్పుడు తెల్లబడ్డాయో నేను చూడనేలేదు.

గీతతో పాటు మా సందు కూడా వచ్చేస్తోంది. దాని వెనక మెయిన్ రోడ్డు. దాని వెనక రైలు పట్టాలు, వాటి మీద పాసింజరు బండి. అది నా మోకాళ్ల చుట్టూ తిరుగుతోంది.

"ఇది ఏ ఊరండీ?" అని కిటికీలోంచి ఒకాయన అడుగుతాడు.

"కాస్త తల వంచండి, మా ఆయన కనబడటం లేదు," అంటాను.

మా ఆయన ఇటు తిరుగుతున్నారు. ఏదో చెప్పబోతున్నారు. నేను ఇంకా లాగుతాను. సముద్రపు ఒడ్డు తడితడిగా, నురగతో సహా వచ్చి నా నడుముకి చుట్టుకుంటుంది. దాని మీదుగా ఆయన చెయ్యి చాపుతారు. నేనూ చాపుతాను. ఇంకొక్క చుట్టు ఉంటే వేళ్లు తగులుతాయి.

లాగడానికి ఇంకే గీతా లేదు. దూరంగా, ఓడల వెనక, ఆకాశానికీ నీళ్లకీ మధ్య ఉన్నదొక్కటే మిగిలింది. దాని కొస దొరకబుచ్చుకుని లాగుతాను.