ఘాట్ ఎక్కని కంప్యూటర్

పొద్దున చాయ్ తాగినంక జలాల్ చంకల కర్ర పెట్టుకొని మెల్లగ కంప్యూటర్ రూములకు పోతడు. ఎనుమాముల మార్కెట్ వెనక గల్లీల వాళ్లది రెండు రూముల ఇల్లు. కంప్యూటర్ కొడుకు కాశిఫ్‌ది. డిప్లొమా చదివేటప్పుడు గేములు ఆడుకునేటందుకు కొనుక్కున్నడు, ఇప్పుడు దానికి ముసలితనం వచ్చింది. అండ్ల లారీ తోలే గేమ్ ఒకటుంది. జలాల్ కుర్చీల కూసోని, బిస్మిల్లా అనుకొని, కొడుకు తెచ్చిచ్చిన ప్లాస్టిక్ స్టీరింగ్ పట్టుకుంటడు.

మిర్చి బస్తాలు నాగ్‌పూర్‌కు తోలి తోలి జుట్టు తెల్లబడ్డ మనిషాయె. కాలు పోయినంక లారీ అమ్మేసిండు. గేమ్‌ల లారీ స్టార్ట్ కాంగనే కంప్యూటర్ వెనకనుంచి డీజిల్ వాసన వస్తది. పగటీలికి ఆయన తిరిగొచ్చేసరికి అంగీ మీద రోడ్డు దుమ్ము, జేబుల జగిత్యాల మామిడికాయనో నిర్మల్ కొయ్యబొమ్మనో ఉంటది. గల్లీ అంతటికీ తెలుసు. "భాయ్, కరీంనగర్ మీదికెళ్లే గదా పోయేది, మా అక్కకు ఈ డబ్బా ఇయ్యరాదు" అని కిటికీ కాడ నిలబడెటోళ్లు రోజుకొకలన్నా ఉంటరు. ఆయన పెండ్లాం సాబిరాకే కోపం. ఆ దుమ్ము ఊడ్చేది ఆమెనాయె మరి.

పక్కింటి చిలుకమ్మ మాత్రం ఏ సామానూ తెమ్మనది. గడప కాడ నిలబడి, "అన్నా, మా ఆయన కనబడ్డడా?" అంటది, అంతే.

ఆమె మొగడు సాంబయ్య జలాల్ లారీకి క్లీనర్. ఒకసారి నిర్మల్ ఘాట్‌ల టైరు పంచరైతే జలాల్ కింద పండుకొని జాకీ పెట్టబట్టిండు. లారీ జారకుండ చక్రానికి రాయి అడ్డం పెట్టుడు క్లీనర్ పని. ఆ రోజు సాంబయ్య మరిచిపోయిండు. కాలు నుజ్జయిన జలాల్‌ను ఎత్తుకొని దవాఖానకు ఉరికింది ఆయనే. కాలు తీసేసిన్రని చెప్పంగనే లేచి, చెప్పులు గూడ ఏసుకోకుండ బయటికి నడిచిండు. ఇగ ఇంటికి రాలేదు. ఘాట్ అవతల ఏదో దాబాల రొట్టెలు చేస్తాండని లారీలోళ్లు చెప్తరు. కాశిఫ్ బస్సుల పోయి చూసొచ్చిండు. బస్సు దిగినోళ్లను చూస్తే సాంబయ్య చేండ్ల పడి మాయమైతడట, లారీ హారన్ వింటెనే బయటికొస్తడట.

అందుకే జలాల్ రోజూ బయలెల్లేది. మామిడికాయలు ఊకె పైపై ముచ్చట. కానీ ఘాట్ మొదటి మలుపు కాడికి రాంగనే కంప్యూటర్ కాగిపోతది. చెట్లన్నీ గళ్లు గళ్లయి, లారీ అక్కడనే బిగుసుకపోతది. అది చల్లారేదాకా కూసోని, ఉత్త చేతులతోని వెనక్కి మర్లుతడు.

"మేడారం జాతర దాకా చూస్త అన్నా" అన్నది చిలుకమ్మ ఒకనాడు. "సమ్మక్కకు బెల్లం బంగారం ఒప్పజెప్పి, అటునుంచి అటే మా తమ్ముని ఊరికి పోత. ఎన్నేండ్లని ఎదురుచూడాలె? ఇల్లు ఎవలకన్న కిరాయికిస్త."

జలాల్ ఆ ముచ్చట కొడుకుకు చెప్పిండు. ఆమె గూడ పోతే సాంబయ్యకు తిరిగొచ్చేటందుకు ఇల్లన్నది ఉండదు.

కాశిఫ్ హనుమకొండల కంప్యూటర్ షాపు పెట్టుకున్న దోస్తు సాయితేజ కాడికి పోయిండు. పాతదాన్నే బాగుచేయాల్నా, కొత్తది కట్టాల్నా అని అడిగిండు.

"కొత్త గ్రాఫిక్స్ కార్డు పెడితే నీ ప్రాసెసర్ తట్టుకోదు. ప్రాసెసర్ మారిస్తే బోర్డు మార్చాలె. బోర్డు మారిస్తే ర్యామ్ మార్చాలె. ఇగ పాతదాంట్ల మిగిలేదేంది రా? కొత్తది కట్టుకో, ఫికర్ ఉండది" అన్నడు సాయితేజ.

ఒకసారి జలాల్‌ను ఆటోల ఎక్కించుకొని పోయి షాపుల కొత్త కంప్యూటర్ ముందు కూసోబెట్టిన్రు. ఆయన ఘాట్ మొత్తం ఎక్కి దిగిండు. వాసన లేదు, దుమ్ము లేదు.

"బొమ్మ మంచిగున్నది బేటా. రోడ్డే లేదు" అన్నడు.

చిక్కంత అక్కడనే ఉన్నది. పాతదాంట్ల రోడ్డున్నది, ఎక్కే దమ్ము లేదు. కొత్తదాంట్ల దమ్మున్నది, రోడ్డు లేదు. అన్నం కాడ ఇదే ముచ్చట.

"నా లారీకి రెండుసార్లు ఇంజన్ మార్చిన, బాడీ కొత్తగ కట్టించిన" అన్నడు జలాల్. "అయినా అది అదే బండి. ఎందుకు? కింది ఇనుప ఛాసిస్ మార్చలేదు గన్క. కాగితాల మీద ఉండేది ఛాసిస్ నంబరే. దీని ఛాసిస్ ఏదో మీ దోస్తును అడుగు."

మర్నాడు ఇంటికొచ్చిన సాయితేజ డబ్బా ఇప్పి చూసి, "మదర్‌బోర్డు అనుకో అంకుల్. అన్నీ దానికే తగుల్తయి" అన్నడు. సరేనని బోర్డును అట్లనే ఉంచి, అది మోయగలిగినంత ప్రాసెసర్, ఎవరో వాడిన కార్డొకటి తెచ్చి బిగించిన్రు. ఇనుప డబ్బా తుప్పు పట్టిందని, లైట్లు మెరిసే అద్దాల డబ్బాల పెట్టిన్రు. మొహర్రం పీరు లెక్క మెరిసింది.

లారీ రయ్యిమని ఘాట్ ఎక్కింది. డీజిల్ వాసన రాలేదు. పగటీలికి జలాల్ లేచి నిలబడితే అంగీ ఇస్త్రీ చేసినట్టే ఉన్నది. గడప కాడికి వచ్చిన చిలుకమ్మ ఆ అంగీ దిక్కు చూసి, ఏం అడగకుండనే మర్లిపోయింది. జలాల్ ఆ పూట అన్నం ముట్టలేదు.

రోడ్డు తానే పోగొట్టిన్నని కాశిఫ్‌కు నిద్ర పట్టుడు బందయింది. ఒక పొద్దున అమ్మీ తిట్లు వినబడితే లేచి వెనకకు పోయిండు.

"ఇంట్ల నేనేమన్న నౌకర్నా?" సాబిరా చీపురు పట్టుకొని మెట్ల కింద నిలబడి ఉన్నది. "ఊడ్చినకొద్ది వస్తాంది. ఉత్త డబ్బా గూడ దుమ్ము పోస్తదా?"

పారేద్దామని పెట్టిన పాత ఇనుప డబ్బా అది. లోపల ఒక్క వైరు లేదు. కింద మాత్రం ఎర్రమట్టి కుప్ప, అండ్ల ఇన్ని ఘాట్ మీది టేకాకులు. కాశిఫ్ ఆ మట్టిల్నే కూలబడి నవ్విండు. కండ్లు తుడుచుకొని సాయితేజకు ఫోన్ చేసిండు.

"మా అబ్బా ఇనుము గురించి అడిగితే మనం కరెంటు గురించి చెప్పినం రా. ఛాసిస్ అంటే డబ్బానే."

"మరింకేంది? బోర్డు గూడ కొత్తదే పెడదాం" అన్నడు సాయితేజ. బాగుచేసుడా, కొత్తదా అన్న పంచాయితీ అట్ల తెగింది. లోపలంత కొత్తది, డబ్బా పాతది. కొత్త కార్డు పొడుగు ఎక్కువైతే రంపం తెచ్చి లోపలి రేకు కోసి మరీ ఇరికించిన్రు.

జాతర ముందటి శుక్రవారం, నమాజ్ చేసుకొచ్చి జలాల్ స్టీరింగ్ పట్టుకున్నడు. ఇల్లంత డీజిల్ వాసన. సాబిరా దగ్గుకుంట కిటికీ తెరిచింది. మొదటి మలుపు దాటింది, రెండోది దాటింది. కోతులు రోడ్డు పక్కకు జరిగి దారిచ్చినయ్. ఘాట్ దిగినంక జొన్నచేండ్ల నడుమ దాబా కనబడితే జలాల్ హారన్ కొట్టిండు.

పిండి చేతులతోని సాంబయ్య బయటికొచ్చిండు. గడ్డం పెరిగింది, మనిషి సగమయిండు. జలాల్ లారీల నుంచి దునికిండు. రోడ్డు మీద ఉన్నంతసేపు ఆయనకు రెండు కాళ్లుంటయి. ఇంట్ల బాధపడ్తరని ఆ ముచ్చట ఎవ్వలకూ చెప్పుకోలేదు.

"కాలున్నదా అన్నా?" సాంబయ్య వంగి చూసిండు.

"చూస్తానవు గద" అన్నడు జలాల్. "ఎక్కు."

ఇంట్ల కంప్యూటర్ ఫ్యాన్ చప్పుడు ఆగింది. కుర్చీల నుంచి లేవబోయిన జలాల్ ఒక్క కాలు మీద తూలిండు. ఆయన వెనక సాంబయ్య, చేతులకు పిండి గూడ పోలేదు, ఆ ఖాళీ పైజామా కాలును చూసుకుంట నిలబడ్డడు.

"అబద్ధం చెప్పినవ్ అన్నా."

"నిజం చెప్తే వచ్చెటోనివా?"

సాంబయ్య తలుపు దిక్కు చూసిండు. ఉరుకుదామంటే గడప మీద చిలుకమ్మ ఉన్నది.

"నిన్ను కాలు తెచ్చియ్యమంటలేను రా" అన్నడు జలాల్. "ఒక్కన్ని బండి తోలుడు నాతోని అయితలేదు."

సాంబయ్య వచ్చి ఆయన చంక కింద భుజం పెట్టిండు. ఇద్దరూ ఏడ్చిన్రు. కాశిఫ్ మొకం తిప్పుకున్నడు.

చిలుకమ్మ తిట్టలేదు, దగ్గరికి గూడ పోలేదు. కొంగున కట్టుకున్న తాళంచెవి ఇప్పి సాంబయ్య పిండి చేతుల పెట్టింది.

"నువ్వు పోయి తలుపు తియ్యి" అన్నది. "నేను సాబిరక్కతోని ఈ మట్టి ఎత్తిపోసి వస్త."