కలవని సంతకం

నేను రొట్టెలు తడుతుంటే మా ఆయన దేవరాజ్ ముందుగదిలో ఫోనులో ఎవరికో చెబుతున్నాడు. "మా వార్డు లిస్టు ఇచ్చేసిన. శ్యామల సంతకం గూడ అయింది." నా రెండు చేతులూ జొన్నపిండిలో ఉన్నాయి. నేనెప్పుడు చేశాను ఆ సంతకం అని అడిగేలోపే, రొట్టె మాడుతున్నదని మా అత్తమ్మ బస్వమ్మ కేకేసింది.

పెళ్లై జహీరాబాద్ వచ్చి పదహారేళ్లు. మున్సిపల్ ఎన్నికల్లో మా వార్డు ఆడవాళ్లకు రిజర్వు కావడంతో తాను నిలబడే వీల్లేక ఆయన నన్ను నిలబెట్టాడు. గెలిచింది నేను, దండలు పడింది ఆయన మెడలో. ప్రమాణం చేసిన రోజు తప్ప కౌన్సిల్ హాలు నేను చూడలేదు. మొదట్లో మీటింగ్ నోటీసు వస్తే తయారై కూర్చునేదాన్ని. "ఆడ అందరు మొగోళ్లే ఉంటరు, నువ్వొచ్చి ఏం జేస్తవ్" అనేవాడు. పొలం కూలీలకు వంట ఎవరు చేస్తారని అత్తమ్మ అడిగేది. మూడుసార్లు మంచి చీర విప్పి పాత చీర చుట్టుకుని అంట్లు తోమాక, నోటీసులు చదవడమే మానేశాను. అది తలుచుకుంటే ఆయన మీదకన్నా నా మీదే నాకు ఎక్కువ విసుగొస్తుంది.

ఈసారి నోటీసు మాత్రం చదివాను. వచ్చే ఏడాది బడ్జెట్‌లో ఏ పని ముందు, ఏది వెనక, బడులకు ఎంత అన్నది తేల్చడానికి ప్రతి వార్డు సభ్యుడూ శుక్రవారంలోగా రాసివ్వాలట. చదవడానికి కారణం మా వార్డు బడి హెడ్‌మిస్ట్రెస్ మహేశ్వరి మేడం. అంతకు వారం ముందు ఆమె మా ఇంటికొచ్చింది, ఆయన కోసం కాదు, నాకోసం. బడిలో ఆడపిల్లల బాత్రూముల్లో నీళ్లు రావని, రెండింటికి తలుపులే లేవని చెప్పింది. ఝరాసంగం వైపు పల్లెల నుంచి ఆటోల్లో వచ్చే పిల్లలు పొద్దుటి నుంచి ఇల్లు చేరేదాకా గుక్కెడు నీళ్లు తాగరట. పెద్దపిల్లలు నెలకు నాలుగైదు రోజులు బడికే రారట. "లిస్టుల బడిని పైన రాయుండ్రి మేడం. కింద రాస్తే మా దాకా రాదు" అంది.

ఆ బడిలోనే మా అమ్మాయి స్నిగ్ధ ఎనిమిది చదువుతున్నది. రోజూ సాయంత్రం సంచి కూడా దించకుండా బాత్రూముకు పరుగెత్తుతుంది. గుమ్మంలో చెప్పులు ఎక్కడివక్కడ పారేసిందని రెండేళ్లుగా దాన్ని తిడుతున్నాను. ఒక్కరోజు కూడా ఎందుకని అడగలేదు.

అన్నం వడ్డిస్తూ దేవరాజ్‌కు చెప్పాను. "బడి పిల్లలకు ఓట్లుంటయా" అన్నాడు. హైవే మీద పోయేవాళ్లందరికీ కనిపించేలా కాలనీ ముందు కమాను కట్టించాలట. కూర ఇంకొంచెం వేయమన్నాడు.

అందుకే ఆ పొద్దున రొట్టెలు ముగించి, చేతులు కడుక్కుని, స్నిగ్ధ నోటుబుక్కులోంచి కాగితం చింపి నా లిస్టు నేను రాసుకున్నాను. మొదట బడికి నీళ్లు, తరువాత తలుపులు, తరువాత మురుగు పోయే మోరీలు. కమాను రాయలేదు. కింద సంతకం చేశాను. ఎక్కడికని అత్తమ్మ అడిగితే ఆఫీసుకన్నాను. ఎవరి ఆఫీసని అడిగింది. నాదే అన్నాను.

మున్సిపల్ ఆఫీసులో గుమస్తా శరణప్ప మర్యాదగానే కూర్చోబెట్టాడు. పాత లిస్టు తీసేసి ఇది పెట్టమన్నాను. నా కాగితాన్ని రిజిస్టరు పక్కన పెట్టి అటూ ఇటూ చూశాడు.

"మేడం, సంతకం కలుస్తలేదు" అన్నాడు.

రిజిస్టరు నా వైపు తిప్పాడు. రెండేళ్ల మీటింగుల హాజరంతా ఉంది. ప్రతి పేజీలో ఇంగ్లీషులో, కింద గీతతో శ్యామల. నేను తెలుగులో చేస్తాను, గీత కొట్టను. నేను వెళ్లని ప్రతి మీటింగుకూ నేను వెళ్లాను. నేను వినని ప్రతి తీర్మానానికీ ఒప్పుకున్నాను.

"సార్‌ను ఒక్కసారి పంపుండ్రి, అయిపోతది" అంటూ అతనే ఫోను కలిపి, సంగతి చెప్పి నా చేతికిచ్చాడు. దేవరాజ్ గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది. "జర ఇంటికి రా, మాట్లాడుకుందాం. గిది బయటపడితే నా ఇజ్జత్ పోతది. కేసయితది. బడి పని నేనే జేయిస్తా, నీమీదొట్టు."

ఆ మాట నమ్మితే బడికి నీళ్లు రావచ్చు. కాని అదీ ఆయన నాకు పెట్టే భిక్షే అవుతుంది. పైగా బల్ల మీదున్న ఆయన లిస్టులో కమాను మొదటి వరసలో అలాగే ఉంది. భయం వేయలేదంటే అబద్ధం. సాయంత్రం తిరిగి వెళ్లాల్సింది ఆ ఇంటికే.

ఫోను పెట్టేసి శరణప్పను తెల్లకాగితం అడిగాను. అతను ఇవ్వడానికి వెనకాడాడు. "మేడం, పాత తీర్మానాలన్ని ఏం గావాలె?"

"అవన్నీ నేను చదువుతా. రిజిస్టర్ ఈడనే ఉంచుండ్రి."

కాగితం ఇచ్చాడు. రిజిస్టరులో ఇప్పటిదాకా నా పేరుతో ఉన్న సంతకాలు నేను చేసినవి కావని రాసి, దాని కింద తెలుగులో సంతకం చేశాను.