మిసెస్ అన్నాకే జవాబు

"ఈ ఒక్కరోజుకీ మింగెయ్యండమ్మా," అన్నాడు లాయరు డుప్రీ. "ఆ ప్రాసిక్యూటర్ మిమ్మల్ని ఓజెల్లా అనే పిలుస్తాడు. పిలవనివ్వండి. మీ తమ్ముడి జీవితం ఇవాళ మీ నోట్లో ఉంది."

ఓజెల్లా ట్రెడ్వెల్ కోర్టు మెట్ల పక్కన నిలబడి టోపీ సర్దుకుంది. మింగడం ఆమెకేమన్నా కొత్తా? యాభై తొమ్మిదేళ్ళుగా మింగుతూనే ఉంది. అలబామాలో ఆ వెదర్‌బీ ఊళ్ళో తెల్లవాళ్ళు తమ గుర్రాన్నయినా మర్యాదగా పిలుస్తారు గాని, నల్లవాళ్ళని మిస్టర్ అనో మిసెస్ అనో పిలవరు. పిలిస్తే నాలుక తెగి పడుతుందన్నట్టు ఉంటారు. పండు ముసలినైనా పేరు పెట్టి పిలవాల్సిందే, ఏకవచనంలో తిట్టాల్సిందే. నల్లవాళ్ళు మాత్రం తెల్లపిల్లని కూడా మిస్ అనాలి.

"చట్టం మన వైపే ఉందన్నారుగా?" అంది చివరికి.

"ఉందమ్మా. రెండేళ్ళ కిందట గాడ్స్‌డెన్ కోర్టులో ఒక అమ్మాయి, మిస్ అంటే తప్ప జవాబు చెప్పనని కూర్చుంది. జడ్జి జైలూ జరిమానా వేశాడు. కిందటేడు వాషింగ్టన్‌లో సుప్రీం కోర్టు ఆ శిక్ష కొట్టి పారేసింది. చట్టం మనదే. తీర్పు చెప్పే జ్యూరీ మాత్రం వెదర్‌బీది." డుప్రీ గొంతు తగ్గించాడు. "గెలవాలంటే వాళ్ళకి కోపం రాకూడదు."

వాళ్ళకి కోపం రాకూడదట! ఓజెల్లాకి ఒళ్ళు మండిపోయింది. కానీ హోసియా గుర్తొచ్చి మెట్లెక్కింది.

హోసియా ఆమె తమ్ముడు. నలభై ఆరేళ్ళవాడు, వడ్రంగి. చేసిన నేరమల్లా ఓటుకి పేరు రాయించుకుందామని ఇదే కోర్టు వరండాలో లైన్లో నిలబడటం. పక్కకి పొమ్మన్నాడు కాపలా ఉన్న పోలీసు డిప్యూటీ. ఎందుకని అడిగాడు హోసియా. తల మీద లాఠీ పడింది. రెండో దెబ్బకి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యి తగిలి డిప్యూటీ పెదవి చిట్లిందట. అంతే, పోలీసు మీద హత్యాయత్నం అని కేసు. ఆ రోజు లైన్లో నలభై మంది పైనే ఉన్నారు. సాక్ష్యానికి వెళ్ళినవాడు మళ్ళీ పనికి రానక్కర్లేదని పత్తి మిల్లు యజమాని ముందే చెప్పించాడు. ఇంకెవడొస్తాడు? ఓజెల్లా మంత్రసాని. పిల్లలు పుట్టడం ఆపడం ఆ యజమాని వల్ల కాదు. పైగా లైన్లో తమ్ముడి వెనకే నిలబడింది తనే. అన్నీ కళ్ళారా చూసింది. కాబట్టి ఒక్కగానొక్క సాక్షి తనే అయింది.

లోపల ప్రాసిక్యూటర్ బీల్ ముందుగా తన సాక్షిని బోనెక్కించాడు. ఎదురు వీధిలో గుడ్డల కొట్టు నడిపే తెల్లావిడ.

"మిసెస్ కల్పెపర్, కుర్చీ సౌకర్యంగా ఉందాండీ? మంచినీళ్ళేమన్నా తాగుతారా? ఆ రోజు మీ కిటికీలోంచి ఏం చూశారో, మిసెస్ కల్పెపర్, మీ ఇష్టమొచ్చినట్టు నిదానంగా చెప్పండి."

ఆ కిటికీకీ కోర్టు వరండాకీ మధ్య ఓక్ చెట్టూ రెండు లారీలూ ఉన్నాయి. అయినా మిసెస్ కల్పెపర్ అంతా చూసేసింది. ఆ పావుగంటలో ఎన్నిసార్లు మిసెస్ అన్నాడో ఓజెల్లా లెక్కపెట్టి, పధ్నాలుగు దగ్గర విసుగొచ్చి మానేసింది.

తన వంతు వచ్చింది. డుప్రీ అడిగినవాటికి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ముందు పడింది లాఠీ, తర్వాత లేచింది చెయ్యి. డుప్రీ ఆమెని మిసెస్ ట్రెడ్వెల్ అన్నప్పుడల్లా జ్యూరీలో ఎవడో ఒకడు ముసిముసిగా నవ్వుతూనే ఉన్నాడు. పన్నెండు మందీ తెల్ల మగాళ్ళే. అందులో ముగ్గురికి బొడ్డు కోసింది ఓజెల్లాయే. ఆ ముగ్గురూ నవ్వారు.

బీల్ లేచాడు. జేబుల్లో చేతులు పెట్టుకుని, ఊళ్ళో షికారుకి వచ్చినవాడిలా నడుచుకుంటూ వచ్చాడు.

"ఏం ఓజెల్లా, ఆ లైన్లో నీకేం పని?"

"ఓటుకి పేరు రాయించుకుందామని."

"ఈ వయసులోనా? పురుళ్ళు తగ్గాయా ఏంటి?"

జ్యూరీ పగలబడి నవ్వింది. ఓజెల్లా మింగింది.

"నీ తమ్ముడు చెయ్యెత్తాడా లేదా, ఓజెల్లా?"

"ఎత్తాడు. లాఠీ దెబ్బ పడ్డాక ఎత్తాడు. తల పగలకుండా అడ్డం పెట్టుకోవడానికి ఎత్తాడు. మీ తల మీద పడితే మీరూ ఎత్తుతారు."

ముందు వరసలో పొగాకు నములుతున్న ముసలాయన దవడ ఆగిపోయింది. బీల్ అది చూశాడు. నవ్వు మొహం మాడిపోయింది. జేబుల్లోంచి చేతులు తీశాడు.

"ఇందాకట్నుంచీ నీ తమ్ముడి లాయరు మిసెస్ అనీ, ఇంకోటనీ తెగ అంటున్నాడు. ఇంతకీ నువ్వెవడి మిసెస్‌వి, ఓజెల్లా?"

"ఆసా ట్రెడ్వెల్ భార్యని."

"ఆసానా? రంపం మిల్లులో పడి చచ్చాడు, వాడేనా? నిజంగా పెళ్ళాడాడా నిన్ను? లేకపోతే మీవాళ్ళలో మామూలే కదా, ఊరికే కలిసుండటం. అలాగా?"

ఈసారి జ్యూరీ నవ్విందో లేదో ఓజెల్లాకి వినపడలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు కాపురం చేసిన మనిషి ఆసా. చర్చిలో అందరి ఎదురుగా చెయ్యి పట్టుకున్నాడు. మిల్లువాళ్ళు చెక్క మీద వేసుకుని మోసుకొచ్చి గుమ్మంలో దింపినప్పుడు, మిగిలినదాన్ని కడిగి చొక్కా తొడిగింది తనే. ఆ మనిషిని ఈ బీల్, కుక్క గురించి మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు. తను మింగుతూ కూర్చుంటే ఇంకా మాట్లాడతాడు.

"మిస్టర్ బీల్," అంది ఓజెల్లా. గొంతు పెంచలేదు. "మీ ప్రశ్న విన్నాను. జవాబు కావాలంటే మర్యాదగా పిలిచి అడగండి. నా పేరు మిసెస్ ట్రెడ్వెల్."

"నీ పేరు ఓజెల్లా."

"అది మా అమ్మకీ మా ఆయనకీ. మీకు కాదు."

వెనక బెంచీల్లో నల్లవాళ్ళందరూ మెడలు సాచి చూశారు. జడ్జి హోల్కమ్ ముందుకి వంగాడు.

"జవాబు చెప్పు, ఓజెల్లా."

"చెప్తాను జడ్జి గారూ. మిసెస్ కల్పెపర్‌ని అడిగినట్టు నన్నూ అడగమనండి, ఒక్క క్షణంలో చెప్తాను."

డుప్రీ కళ్ళు మూసుకున్నాడు. మింగమన్నవాడు ఆయనే. తెరిచేసరికి ఆ కళ్ళల్లోనూ బీల్ మీద కోపమే ఉంది. లేచి గాడ్స్‌డెన్ కేసు తీర్పు చదవబోయాడు.

"కూర్చోవయ్యా," అన్నాడు జడ్జి. "వాషింగ్టన్ ఇక్కడికి చాలా దూరం."

అయినా ఆ తీర్పు జడ్జికీ తెలుసు. ఆమెని జైల్లో వేస్తే తన పరువే పోతుంది. అందుకని ఇంకో దారి వెతికాడు. ప్రాసిక్యూటర్‌కి జవాబివ్వని సాక్షి చెప్పిందేదీ సాక్ష్యం కాదు, ఈ మనిషి అసలు బోనెక్కనే లేదనుకోండి అని జ్యూరీకి చెప్పాడు. ఓజెల్లా చెప్పిందంతా ఒక్క మాటతో తుడిచేశాడు.

జ్యూరీ లోపలికి వెళ్ళి తొమ్మిది నిమిషాల్లో తిరిగొచ్చింది. హోసియాకి అయిదేళ్ళు.

మెట్ల మీద హోసియా భార్య లోరీన్ ఆమె దారికి అడ్డం నిలబడింది.

"ఏం వదినా, చల్లబడిందా కడుపు? నీ మిసెస్ నీకు దక్కిందా? నా మొగుడు పోయాడు చూడు! అయిదేళ్ళు! నేను పనిచేసే ఇంట్లో తొమ్మిదేళ్ళ పిల్ల నన్ను ఏయ్ లోరీన్ అంటుంది. వస్తున్నా మిస్ అంటాను. చచ్చానా నేను? ఒళ్ళేమన్నా కరిగిపోయిందా? అంతమాత్రం మింగలేకపోయావా? సొంత తమ్ముడి కోసం!"

ఓజెల్లా ఆసాని అన్న మాట చెప్దామనుకుంది. చెప్తే మాత్రం లోరీన్ మొగుడు వెనక్కొస్తాడా? లోరీన్ ఏడుపు వింటూ అలాగే నిలబడింది. బీల్ మీద కోపం, జడ్జి మీద కోపం, అన్నిటికంటే తన మీద కోపం.

హోసియాని రోడ్లు వేసే ఖైదీల క్యాంపుకి పంపారు. నాలుగు నెలలకి ఉత్తరం రాశాడు. "అక్కా, ఇక్కడ నాకు ఓజెల్లా తమ్ముడు అన్న పేరు కూడా లేదు, నంబరే. రాళ్ళు పడి ఎడం చేతి వేళ్ళు రెండు వంగటం లేదు. నువ్వు ఆ రోజు జవాబు చెప్పుంటే ఇంట్లో ఉండేవాణ్ణేమో. నీ మీద కోపమొచ్చింది. ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. అబద్ధం ఎందుకు రాయాలి? కానీ బావ గురించి వాడన్నది నేనూ విన్నాను. ఆ బోనులో నేనుంటే ఏం చేసేవాణ్ణో నీకు తెలుసు."

ఆ ఉత్తరాన్ని ఓజెల్లా ఎవరికీ చూపించలేదు.

శిక్ష పడిన పదమూడు నెలలకి డుప్రీ కారు ఆమె గుమ్మం ముందు ఆగింది. ఆయన దిగీ దిగకముందే చెప్పాడు. అప్పీల్లో పై కోర్టు శిక్ష కొట్టేసింది. సాక్షి మర్యాద అడగడం తప్పు కాదు, అందుకని ఆమె సాక్ష్యాన్ని తుడిచెయ్యడం తప్పు, కేసు మళ్ళీ విచారించండి, ఈసారి ఆమెనీ అందరు సాక్షుల్లాగే సంబోధించండి అని రాసింది.

"ఈసారి కూడా మింగమంటారా?" అంది ఓజెల్లా.

"నేను ఆ మాట అననమ్మా."

అన్నది లోరీన్. విచారణ రోజు పొద్దున్నే వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "వదినా, వాడేమన్నా అననీ, జవాబు చెప్పెయ్. మళ్ళీ అయిదేళ్ళంటే నేను బతకను. నీ కాళ్ళు పట్టుకుంటాను." ఓజెల్లా ఆమె చేతులు నిమిరింది గాని, సరేననలేదు.

కోర్టు కిక్కిరిసిపోయింది. మూడు వారాల్లో ఎన్నికలు. అక్కడ ప్రాసిక్యూటర్ పదవీ ఓట్లతోనే, దానికి బీల్ మళ్ళీ నిలబడుతున్నాడు. ముందు బెంచీల నిండా అతనికి ఓటెయ్యాల్సిన తెల్లవాళ్ళే. మధ్యలో చేతులు కట్టుకుని పత్తి మిల్లు యజమాని. ఓజెల్లా బోనెక్కింది. లాఠీ, చెయ్యి, అన్నీ మళ్ళీ అదే వరసలో చెప్పింది. ఈసారి దాన్ని తుడిచెయ్యడానికి జడ్జికి వీల్లేదు.

బీల్ లేచాడు. "ఓ..." అన్నాడు. జడ్జి గట్టిగా దగ్గాడు.

బీల్ మెడ ఎర్రబడింది. "సాక్షీ, ఆ రోజు నువ్వు..."

ఓజెల్లా మధ్యలోనే అందుకుంది. "సాక్షి అన్నది ఈ కుర్చీ ఎక్కిన ప్రతివాళ్ళకీ పేరే కదండీ. మిసెస్ కల్పెపర్‌ని మీరు సాక్షీ అని పిలవలేదు."

బీల్ జడ్జి వైపు చూశాడు. హోల్కమ్ ఎదుట పై కోర్టు కాగితం ఉంది. "నన్ను ఇంకోసారి తిట్టించుకోమంటావా?" అన్నాడు విసుగ్గా. "అడిగితే సరిగ్గా అడుగు. లేకపోతే తేల్చెయ్."

ఒక్క మాట. రెండక్షరాలు దాటితే మూడు. ఆ మాట అనేస్తే తర్వాత ఎన్ని ప్రశ్నలైనా అడగొచ్చు, తికమక పెట్టొచ్చు, ఆ జ్యూరీ ముందు మళ్ళీ గెలవొచ్చు కూడా. బీల్ వెనక్కి తిరిగి ముందు బెంచీల్ని చూశాడు. మిల్లు యజమాని చిన్నగా తల అడ్డంగా ఊపాడు. బీల్ మళ్ళీ ఇటు తిరిగాడు. నోరు తెరిచాడు. పెదవులు "మి" దాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి. గొంతులో ఎముక ఇరుక్కున్నవాడిలా ఒకసారి గుటక వేశాడు.

"జడ్జి గారూ," అన్నాడు, "వాషింగ్టన్ పెత్తనం కింద న్యాయం జరగదు. ప్రభుత్వం ఈ కేసు ఉపసంహరించుకుంటోంది."

సుత్తి పడింది. హోసియా నిర్దోషి అనీ కాదు, దోషి అనీ కాదు. పొమ్మన్నారు, అంతే.

వెనక బెంచీల్లో కేకలు, ఏడుపులు, దేవుడి పేర్లు. ఆ గోలలో లోరీన్ పిల్లల్ని వదిలేసి ముందుకొచ్చింది. మొగుడి దగ్గరికి వెళ్తుందనుకున్నారు అందరూ. కాగితాలు సంచిలో కుక్కుకుంటున్న బీల్ దగ్గరికి వెళ్ళింది.

"అనవయ్యా!" అంది. "అదొక్కటి అంటే సరిపోయేదా? ఇందుకా పదమూడు నెలలు నా మొగుణ్ణి రాళ్ళు కొట్టించావు? మనిషినైనా వదిలేస్తావు గాని ఆ మాట మాత్రం అనవా? అంత విలువైందా అది? అయితే అను! మా వదిన్ని ఆ మాట అను, నేను వింటాను!"

బీల్ సంచి చంకన పెట్టుకుని, ఆమెని చూడకుండా పక్క గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు.

ఓజెల్లా ఇంకా బోనులోనే కూర్చుని ఉంది.

"సాక్షి దిగొచ్చు," అన్నాడు జడ్జి.

"ఎవర్నండీ దిగమంటున్నారు?"

జడ్జి ఆమెని చూశాడు. తలుపు వైపు చూశాడు. గౌను కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని లేచి వెనక గదిలోకి పోయాడు. తలుపు మూసుకుంది. తెల్లవాళ్ళు ఒక్కొక్కరే బయటికి నడిచారు. మిల్లు యజమాని అందరికంటే ముందు నడిచాడు.

హోసియా బోను దగ్గరికొచ్చి నిలబడ్డాడు. సగానికి సగం తగ్గిపోయాడు. వంగని వేళ్ళున్న ఆ చేతినే ఆమెకి అందించాడు.

"రండి, మిసెస్ ట్రెడ్వెల్," అన్నాడు. "ఇంటికి పోదాం."

ఓజెల్లా ఆ వేళ్ళ వైపు చూసింది. కుర్చీ చేతుల్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"అనాల్సింది నువ్వు కాదురా," అంది.