ఇరుకు సందులో ఐశ్వర్యం

జనాభా లెక్కలు ఎవరైనా చూసుకోవచ్చని బయట పెట్టారు. ఏ పేటలో కుటుంబానికి ఎంత ఆదాయమో పటం మీద రంగులు వేసి చూపించే పని నాకు అప్పగించారు. ఆదాయం పెరిగేకొద్దీ రంగు ముదురుతుంది. పాలిపోయిన పేటలకు ఉచిత వైద్యం వ్యాను వెళుతుంది, ముదురు పేటలకు శుభాకాంక్షలు వెళతాయి.

రంగులు పడ్డాక చూస్తే ఊరంతటిలోకీ ముదురు రంగు మా సందుదే.

మా సందులో రెండు సైకిళ్ళు ఎదురుపడితే ఒకటి ఎవరింట్లోకో దూరాలి. వంతెన అవతల బంగళాల పేట మాత్రం పటం మీద రక్తహీనత రోగిలా ఉంది. చూస్తే జాలేసింది.

ముందు నన్ను నేనే అనుమానించుకున్నాను. అది నాకు అలవాటైన పనే. సగటును ఒకరిద్దరు ధనవంతులు పాడుచేస్తారు కదా అని, వరసలో నడిమి కుటుంబాన్ని పట్టుకుని చూశాను. మా సందులో నడిమి కుటుంబమూ మహారాజే. ఊరంతా అదే తంతు: సందు ఎంత ఇరుకైతే అంత ఐశ్వర్యం, రోడ్డు ఎంత వెడల్పైతే అంత దరిద్రం.

అప్పుడు అర్థమైంది. మా ఇళ్ళలో కుర్చీ వేసే చోటు లేక లెక్కల మనిషిని గుమ్మం బయటే కూర్చోబెట్టారు. అతను అడిగిందీ, వీళ్ళు చెప్పిందీ సందంతా విన్నది. బంగళాల్లో తలుపులు మూసుకుని చెప్పుకున్నారు. వాళ్ళకి పన్నులవాళ్ళ భయం, మావాళ్ళకి ఎదురింటివాళ్ళ భయం.

"ఎంత చెప్పావన్నయ్యా?" అన్నాను ఇంటికి రాగానే.

"దర్జీ అంత చెప్పాక నేను తక్కువ చెప్పనా? వాడు నా చొక్కాలు కుట్టేవాడురా!"

వదిన మోకాలు పట్టుకుని మంచం మీద నుంచే అంది: "చెప్పిన జీతంలో ఇక్కడికొచ్చేది సగమే. మిగతాది ఏ ఇంట్లో ఇస్తున్నారో అడుగు మరిదీ, నేనూ ఓసారి చూసొస్తాను."

అన్నయ్య కిటికీ మూశాడు. ఎదురింట్లో దర్జీ ఉన్నాడు.

వదిన మోకాళ్ళకు వ్యాయామం చేయించే అమ్మాయి ఇన్నాళ్ళూ మా సందుకొస్తున్న ఆ ఉచిత వైద్యం వ్యానులోనే వస్తుంది. ఆమె వచ్చినన్నాళ్ళే వదిన మేడ మెట్లు దిగగలదు. వ్యాను పోతే ఆ మంచమే ఆమె ఊరు.

లెక్కలు తప్పని చెబితే, దిద్దుకోవాలంటే ఇంటివాళ్ళే వచ్చి చెప్పాలన్నాడు మా అధికారి. సందంతా ఇస్త్రీ చొక్కాలతో వచ్చింది. ఆయన అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి, గట్టిగా పేర్లు పిలిచి, ఇంకా గట్టిగా ఆదాయాలు చదివాడు. మనిషి మనసు గురించి ఆయనకున్న అవగాహన అది.

"తప్పేముంది సార్, ఈమధ్య ఇంకాస్త పెరిగింది కూడా," అన్నాడు దర్జీ.

అన్నయ్య వంతు వచ్చింది. లేచాడు, గొంతు సవరించుకున్నాడు, నా వైపు చూసి కూర్చున్నాడు.

"పటం వేసింది మీరే కదా," అన్నాడు అధికారి నాతో. "మీ ఇంటి లెక్క మీరే చెప్పండి. తప్పా?"

తప్పే. కారణంతో సహా నాకు తెలుసు. వెనక దర్జీ చిన్నగా దగ్గాడు. అంతే. నా చదువూ, నన్ను నేను తవ్వి చూసుకునే జబ్బూ ఆ దగ్గు ముందు చేతులు కట్టుకు నిలబడ్డాయి.

"ఇంచుమించు సరైనదేనండీ," అన్నాను.

వ్యాను వంతెన దాటింది.

మొదటి వారమే వదినను కుర్చీలో కూర్చోబెట్టి నేనూ అన్నయ్యా మెట్లు దింపాం. బంగళాల పేటలో వ్యాను ముందు పెద్ద వరస ఉంది. వరసంతా మా సందే.

"ఇటు పనుండి వచ్చాం," అన్నాడు దర్జీ, ఒళ్ళో మూలుగుతున్న తల్లిని సర్దుకుంటూ.

"మేమూ అంతే," అన్నాడు అన్నయ్య.

వ్యాయామం చేయించే అమ్మాయి వదినను గుర్తుపట్టింది. "ఇంత దూరం ఎందుకొచ్చారండీ? వ్యాను మీ సందుకే వచ్చేది కదా!"

"మేం బాగా కలవాళ్ళమైపోయామమ్మా," అంది వదిన, సందంతా వినేలా. "పక్క మీద నుంచి లేవలేనంత."

దర్జీ కాస్త జరిగి ఆమె కుర్చీకి నీడలో చోటిచ్చాడు.